అమ్ముడుపోయిన దరువు

డప్పు మీదికి ఎత్తిన సిర్రపుల్ల కిందికి దిగలేదు.

రాజలింగం కుడిచెయ్యి గాల్లోనే ఆగిపోయింది, ఎవరో వెనకనుంచి మణికట్టు పట్టుకున్నట్టు. ఎడమచేతిలో చిటికెన పుల్ల రెండుసార్లు డప్పు అంచుని తాకి, తోడు రాక అదీ ఊరుకుంది. గడ్డిమంట ముందు కూర్చుని తన డప్పుకి కాక పెడుతున్న ఓదెలు తలెత్తాడు.

"ఏమైంది బావా? చెయ్యి తిమ్మిరెక్కిందా, బీపీ గోలీ మర్సినవా?"

రాజలింగం డప్పు సర్దుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. అది ఎదురుకోలు దరువు. జాతరకి పక్క ఊరి జట్టు పొలిమేరకి రాగానే స్వాగతంగా మోగేది. జట్టు పెద్ద ముందు ఒంటరిగా ఒక చుట్టు వాయించి పిలుస్తాడు. ఆ తర్వాతే మిగిలిన డప్పులు లేస్తాయి. హనుమకొండ చుట్టుపక్కల ఊళ్లలో ఆ పిలుపుకి రాజలింగమే పేరు. చెయ్యి లేచింది, పడింది, మళ్లీ లేచింది. సరిగ్గా ఇందాకటి చోటే ఆగింది.

"మజాక్ చెయ్యకు బావా, జాతర ముంగట పెట్టుకొని."

రాజలింగం పెళ్లి దరువు వాయించాడు. గలగలా మోగింది. బోనాల దరువు వాయించాడు. వెనకనున్న పాత రైసుమిల్లు రేకులు అదిరాయి. తిరిగి ఎదురుకోలుకి వచ్చాడు. ఆగింది.

మిల్లు మేడమీది కిటికీలోంచి చూస్తున్న జమున మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. ఆ మిల్లే ఆమె ఆఫీసు. ఒకప్పుడు వడ్లు ఆడిన హాల్లో ఇప్పుడు కంప్యూటర్లు ఉన్నాయి. గేటు మీద బోర్డు 'సిర్ర గేమ్స్'. తండ్రి చేతిలోని పుల్ల పేరే కంపెనీకి పెట్టుకుంది. ఆయన మణికట్టు పట్టుకుని చూసింది. ఆటకోసం తొడిగే కంకణం లేదు. ఉత్త చెయ్యి.

"నొస్తాందా బాపూ?"

"నొప్పి లేదు బిడ్డా." ఆయన తన చేతిని వేరేవాళ్లది చూసినట్టు చూస్తున్నాడు. "గీ దరువొక్కటే వస్తలేదు. ఎవలో వద్దన్నట్టు అయితాంది."

జమున పట్టుకున్న మణికట్టు వదిలేసింది. ఆ దరువుకి 'వద్దు' అని చెప్పే ఆదేశం ఒకటి నిజంగానే ఉంది. దానికి అనుమతి ఇచ్చింది తనే.

* * *

ఫర్హానా రాజలింగం ముంజేతికి తీగలు అతికించి, తెర తనవైపు తిప్పుకుంది. సిర్ర గేమ్స్‌లో నరాల సంకేతాలు చదివే ఇంజనీరు ఆమె. జమున కనిపెట్టిన లయకంకణానికి ప్రాణం పోసింది ఈ ఇద్దరే.

కంకణం చేసేది ఒక్కటే పని: చెయ్యి పట్టుకుని నేర్పడం. వాయించే మనిషి మణికట్టులో నరాలు పంపే సంకేతాలు చదివి దాచుకుంటుంది. ఆట ఆడే మనిషి దాన్ని తొడుక్కుంటే, చీమ పాకినంత చిన్న విద్యుత్ స్పర్శలతో ఆ చేతిని అదే దారిలో నడిపిస్తుంది. కొన్ని వారాలు ఆడితే చాలు, కంకణం తీసేసినా దరువు చేతిలో ఉండిపోతుంది. వాళ్ల ఆట పేరు కూడా 'ఎదురుకోలు'. పరీక్ష దశలోనే బెంగళూరులో, బ్రెజిల్లో, డప్పు అనే మాట ఎన్నడూ వినని మనుషులు దరువు వేశారు. ఆ వీడియోలు చూసిన రోజు రాజలింగం కొత్త తువ్వాల భుజాన వేసుకుని ఊరంతా తిరిగొచ్చాడు.

"వాయించుర్రి కాకా," అంది ఫర్హానా.

ఆయన వాయించాడు. తెరమీద నీలి గీత ఎగిరి ఎగిరి పడింది. దరువు ఆగే చోట, నీలి గీతకి అడ్డంగా ఒక ఎర్ర గీత లేచింది. చెయ్యి నిలబడిపోయింది.

"తీగల్ల కరెంటు బంద్ చెయ్యి," అంది జమున.

"బందే ఉన్నది అక్కా. నేను ఏం పంపుతలేను."

"మరి ఆ ఎర్రగీత?"

ఫర్హానా గొంతు తగ్గించింది. "కాక నరంలకెల్లే వస్తాంది. ముద్ర అది. మన ముద్రనే. కంకణం తీసినా చెయ్యి మర్సిపోలే."

ముద్ర సాకేత్ తెచ్చిన ఆలోచన. విజయవాడ కుర్రాడు, కాలేజీలో జమున పక్క బెంచీ, ఇప్పుడు కంపెనీలో సగం వాటాదారు. డబ్బు తెచ్చే పని అతనిది. 'ఏకైక' అనే డిజిటల్ సేకరణల మార్కెట్‌తో ఒప్పందం కుదిర్చాడు. ఆటలోని ప్రతి కళాకారుడి దరువూ ఒక టోకెన్. ఆ మార్కెట్ సొంత క్రిప్టో నాణెంతో వేలంపాట. ప్రపంచం మొత్తంమీద ఒక దరువుకి ఒక్కరే యజమాని. కొనేవాళ్లు మాత్రం ఒక ప్రశ్న వేశారు: ఎవరైనా వాయించగలిగేదానికి నేనొక్కణ్ణే యజమానిని ఎలా అవుతాను? దానికి సమాధానమే ముద్ర. అమ్ముడుపోయిన దరువుని యజమాని కానివాళ్లు మొదలుపెడితే, కంకణం గుర్తుపట్టి ఎదురు సంకేతం పంపుతుంది. తర్వాతి దెబ్బ పడదు. కేవలం ఆటలోనే, కేవలం కంకణం ఉన్నప్పుడే, అనుకున్నారు. నమూనాగా ముందు అమ్మింది రాజలింగం ఎదురుకోలునే.

"కాకా, ఆ దరువు అమ్ముడుపోయినంక మీరు కంకణం పెట్టుకొని వాయించిన్రా?"

"వాయించిన. ఆఫీసుకు చూడవచ్చినోళ్లకు రోజూ నేనే గద చూపెట్టేది. గా దరువు కాడ ఆగుతాంటే మిషన్ ఖరాబైందనుకున్న." ఆయన కొంచెం నవ్వడానికి ప్రయత్నించాడు. "దెబ్బ తప్పితే కూసునేదాక కొట్టాలని మా నాయిన నేర్పిండు. కొట్టిన. పొద్దుగాల కొట్టిన, మాపటికి కొట్టిన. మిషన్‌తోని నాకేం భయం అని ఇంకా కొట్టిన."

జమున, ఫర్హానా ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. కంకణం పదే పదే చేయించి నేర్పుతుంది. ఈ మొండి మనిషి పదే పదే కొట్టి, ఆగడం నేర్చుకున్నాడు. జీవితమంతా ఆయన్ని నిలబెట్టిన సాధనే తాళం వేసి లోపల పెట్టింది.

"తీసేయచ్చా?" అడిగింది జమున.

"కంకణంలకెల్లి తీయచ్చు. నరంలకెల్లి ఎట్ల తీయాల్నో నాకు తెల్వదు."

* * *

సాకేత్ హైదరాబాదునుంచి కారు దిగీ దిగగానే మిల్లులోకి వచ్చాడు. విషయం విని కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత లేచి, తనకి తెలిసిన పని చేశాడు. ఎదురుకోలు కొన్న మనిషికి వీడియో కాల్ కలిపాడు.

తెరమీద తెల్లటి గది, తెల్లటి చొక్కా, చాలా మర్యాదగల మొహం. ఏ దేశమో చెప్పలేదు. సాకేత్ ఇంగ్లీషులో మాట్లాడి, రాజలింగంవైపు తిరిగాడు.

"అంకుల్, ఆయన చాలా బాధపడుతున్నారు. తాళంచెవి ఆయన దగ్గరే ఉంది కదా, మీకోసం తీయడానికి ఒప్పుకుంటున్నారు. ఏడాదికోసారి, మీ జాతర రోజున. ఆయన సౌజన్యంతో అని మైకులో ఒక ముక్క చెబితే చాలంట."

"గాయినకు డప్పు వచ్చునా?" అడిగాడు రాజలింగం.

"రాదు అంకుల్. ఆయన కలెక్టర్."

"ఏ జిల్లాకు?" అన్నాడు గుమ్మం దగ్గర నిలబడ్డ ఓదెలు.

"ఆ కలెక్టర్ కాదు బాబాయ్. వస్తువులు సేకరిస్తారు."

"సేకరించి?"

"దాచుకుంటారు."

"డప్పు దరువును?" ఓదెలు పగలబడి నవ్వాడు. "యాడ దాస్తడు, సందుగుల్నా?"

రాజలింగం నవ్వలేదు. తెరమీది మనిషికి రెండు చేతులూ జోడించి, కుర్చీలోంచి లేచాడు. "చెప్పు బాబూ ఆయనకు. జాతరకు రమ్మను. అన్నం పెడతం, పక్కకు నిలవెట్టి నేర్పుతం. గని నా ఊర్ల నేను వాయించనీకి సెలవు అడగ." బయటికి వెళ్లిపోయాడు. ఓదెలు వెనకే వెళ్లాడు.

కాల్ ముగిశాక సాకేత్ తలుపు వేశాడు. "గాయిన తాళంచెవి కంకణానికే పనికొస్తది, కాక చేతికి కాదు," అంది ఫర్హానా.

"జమునా, విను. శనివారం హైదరాబాదులో మార్కెట్ ప్రారంభం. కళాకారులందరూ వస్తున్నారు, పెట్టుబడిదారులు వస్తున్నారు. ఫర్హానా ముద్రని కొంచెం తేలిక చేస్తే సరిపోదా? ఒక చిన్న ప్యాచ్."

"తేలిక చేస్తే చెయ్యి మెల్లగ నేర్సుకుంటది," అంది ఫర్హానా. "నేర్సుకునుడు మాత్రం ఆగదు సాకేత్."

"ముద్రని పక్కన పెట్టేస్తే కంపెనీ ఉండదు. ఒప్పందం మీద నీ సంతకం, నా సంతకం ఉన్నాయి. డబ్బు మొత్తం వాళ్లదే. ఈ కంకణాలు, ఈ బిల్డింగు, మన వాళ్ల జీతాలు..." అతను వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. "నేనేం దొంగని కాదు జమునా. ఆ కళాకారుల్లో సగంమందికి రేపటి కార్యక్రమం ఎక్కడుందో తెలీదు. ఈ టోకెన్లతో వాళ్లకి నాలుగు రాళ్లు వస్తాయనే మొదలెట్టాను."

"నాకు తెల్సు."

"మరి?"

"శనివారం వస్త," అంది జమున.

* * *

ప్రారంభోత్సవం హోటల్ హాల్లో. ముందు వరసలో కళాకారులు. కోలాటం జట్టు నడిపే పెద్దావిడ, ఒగ్గుడోలు వాయించే అన్నదమ్ములు, మృదంగం మాస్టారు, మరికొందరు. అందరి భుజాలమీదా కొత్త శాలువాలు, మణికట్లమీద కొత్త లయకంకణాలు. వాళ్ల వెనక సూట్లు. వేదిక మీది పెద్ద తెరమీద వాళ్ల ఫొటోలు, ఒక్కో ఫొటో కింద వేలం మొదలయ్యే ధర.

పొద్దున బయల్దేరేముందు జమున తండ్రిని అడిగింది, పేరు చెప్పనా, వద్దా అని. ఆయన డప్పుని గోడకి తగిలిస్తూ, "చెప్పు. నేనేం తప్పు చేసిన్నని దాసుడు?" అన్నాడు.

సాకేత్ ఆమెని వేదికమీదికి పిలిచాడు. చప్పట్లు మోగాయి. ఆమె మైకు తీసుకుంది.

"కొత్త మార్కెట్ తెరవడానికి వచ్చానని అందరూ అనుకుంటున్నారు. మూసేయడానికి వచ్చాను."

సాకేత్ నవ్వు మొహంమీదే గడ్డకట్టింది.

"సిర్ర గేమ్స్ చేసే ఏ ఆటలోనూ ఇక క్రిప్టో నాణేలు ఉండవు. ఒక్కరి పేరున రాసిచ్చే టోకెన్లు ఉండవు. ఇప్పటికే అమ్మిన టోకెన్ రికార్డుని చెరిపే అధికారం నాకు లేదు. కొన్నాయన దాన్ని ఉంచుకోవచ్చు, పటం కట్టించుకోవచ్చు. కాని మా కంకణం ఇకనుంచి దాని మాట వినదు."

ఆమె పక్కకి చూసి తలూపింది. తెరవెనక ఫర్హానా వేలు ఒక మీటమీద పడింది. హాల్లో ఉన్న ప్రతి కంకణం ఒక్కసారి పచ్చగా వెలిగి ఆరింది. ముద్రని చదివే భాగం చెరిగిపోయింది, అక్కడా, బెంగళూరులో, బ్రెజిల్లో, అన్నిచోట్లా.

వెనక వరసల్లో కుర్చీలు కదిలాయి. ఎవరో గట్టిగా అరిచారు. ముందు వరసలోంచి కోలాటం పెద్దావిడ లేచి నిలబడింది.

"అమ్మా, మా కాడికచ్చిన బువ్వను గుంజుకుంటున్నవ్ గద. మా చేతులు మంచిగనే ఉన్నయి. మాకేమైంది?"

"మా బాపు చేతులు కూడ మంచిగనే ఉండె అవ్వా," అంది జమున. ఇందాకటి హోటల్ తెలుగు ఆమె నోట్లోంచి జారిపోయింది. "గజ్జెల రాజలింగం. మీకు ఎరికే. ఎదురుకోలు ఆయన నోట్ల మాట లెక్క ఉండేది. అది అమ్మినం. ఇప్పుడు ఆయన చేతికి ఆ దరువు వస్తలేదు. కంకణం తీసినా వస్తలేదు. ఆట అమ్ముడుపోతే అండ్ల మీ వాటా మీకిస్త, రాసిస్త. మీ చేతుల్ని మాత్రం అమ్మను."

పెద్దావిడ తన మణికట్టువైపు చూసుకుంది. తర్వాత కోలాటం కర్రల సంచీలోంచి రెండు కర్రలు తీసి, తన జట్టు ఎత్తుగడ ఒకటి నడిచి చూసుకుంది. పూర్తిగా వచ్చింది. అప్పుడు శాలువా మడిచి కుర్చీమీద పెట్టి, "నీ నాయిన రాజలింగమా! ఆయన పిలుస్తనే మా ఊరి జట్టు పొలిమేర దాటేది," అంది. కంకణం తీసి జమున చేతిలో పెట్టింది. మృదంగం మాస్టారు తీశారు. అన్నదమ్ములు తీశారు. బల్లమీద కంకణాలు కుప్పపడ్డాయి.

సాకేత్ ఆమె పక్కకి వచ్చి, మైకుకి వినపడకుండా అన్నాడు. "కంపెనీని స్టేజిమీద చంపేశావు." జవాబుకోసం ఆగకుండా మెట్లు దిగి, సూట్ల మధ్యలోంచి బయటికి నడిచాడు.

జమున మైకు బల్లమీద పెట్టింది. ఆ రోజు తను ఎన్నడూ నిలబడనంత నిటారుగా నిలబడింది.

* * *

దెబ్బ గట్టిగానే తగిలింది. పెట్టుబడి వెనక్కి పోయింది. వకీలు నోటీసులొచ్చాయి, తయారైన కంకణాల్ని గోదాములో వేసి తాళం పెట్టారు. మిల్లు మేడ ఖాళీ చేసి అందరూ కింది హాల్లో సర్దుకున్నారు. సగంమంది వేరే ఉద్యోగాలకి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు జీతం వచ్చినప్పుడే తీసుకుంటామన్నారు.

వీటన్నిటికంటే ఇంట్లో నిశ్శబ్దం జమునని ఎక్కువ తిన్నది. రాజలింగం సాధనకి రావడం మానేశాడు. వంటింట్లో స్టీలు పళ్లెంమీద వేళ్లతో ఆ దరువు మొదలుపెట్టేవాడు. అదే చోట ఆగేవాడు. పళ్లెం బోర్లించి లేచిపోయేవాడు.

జాతర రోజు ఓదెలు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "లే బావా."

"నువ్వు పిలువు ఈసారి. నేను రాను."

"నేను పిలిస్తే మనోళ్లే రారు, పక్క ఊరోళ్లు ఏం వస్తరు? నువ్వు ఉత్తగ నిలబడు. డప్పు మెడల ఏసుకుంటే సోకుగ ఉంటవ్, ఫొటోకన్న పనికొస్తవ్."

"నోరు మూయి."

"మూస్త. లే."

తమ ఊరు నాగులకుంట పొలిమేరలో జనం గుమిగూడారు. గడ్డిమంటలు లేచాయి, డప్పుల చర్మాలు బిగుసుకున్నాయి. రాజలింగం జట్టు చివర నిలబడ్డాడు, తన చోటు కాని చోట. ఫర్హానా, జమున జనంలో ఉన్నారు. వద్దంటున్నా వినకుండా ఫర్హానా ఆయన ముంజేతికి రెండు పలచటి పట్టీలు అతికించింది. సంకేతాలు చదువుతాయి తప్ప ఏమీ పంపవు.

పక్క ఊరు చింతలగట్టు జట్టు వచ్చింది. ముందు నడుస్తున్నది సారవ్వ. ఆడమనిషి మెడలో డప్పేమిటని రెండూళ్లూ నవ్విన రోజుల్లో, ఇదే పొలిమేరలో, అందరి ముందూ ఆమెకి ఎదురుకోలు ఇచ్చినవాడు రాజలింగం. ఇక్కడి మర్యాద అది. పిలిచిన జట్టు దరువు ఇస్తుంది. వచ్చిన జట్టు దాన్ని అందుకుని, తన దెబ్బ ఒకటి కలిపి తిరిగి ఇస్తుంది. అలా తిరిగి తిరిగి వచ్చిందే ఆ దరువు.

ఓదెలు సిర్ర ఎత్తాడు. సారవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు తమ్మీ. పెద్దమనిషి పిలువంది నేను పొలిమేర దాట." ఆమె చూపు జట్టు చివరికి వెళ్లింది. "ఏం అన్నా? సుట్టం వస్తే మొకం తిప్పుకుంటవా?"

జనం అంతా ఆయన్నే చూస్తున్నారు. రాజలింగం మెల్లగా ముందుకి వచ్చాడు. ఒక్కసారి కూతురివైపు చూశాడు. సిర్ర ఎత్తాడు.

పిలుపు మొదలైంది. చెయ్యి లేచింది, పడింది, మళ్లీ లేచింది.

ఆగింది.

ఎక్కడో మేక అరిచింది. రాజలింగం కళ్లు దించుకున్నాడు. అప్పుడు అవతలివైపునుంచి, ఆయన ఆపిన చోటునుంచి, సరిగ్గా ఆ దెబ్బనుంచి, సారవ్వ డప్పు లేచింది. ఒక అడుగు ముందుకేసి ఆయన మొహంలోకి చూస్తూ వాయించింది. చుట్టు చివర తన దెబ్బ కలిపింది. పక్కన ఓదెలు అందుకున్నాడు. ఆ పక్కవాడు, ఆ పక్కవాడు. అర్ధచంద్రంలా నిలబడ్డ రెండు జట్లు దగ్గరగా వచ్చి గుండ్రంగా మూసుకున్నాయి, మధ్యలో రాజలింగం.

గాల్లో ఉన్న సిర్ర డప్పుమీద పడింది.

మళ్లీ లేచింది. ఆగాల్సిన చోటు వచ్చింది. వెళ్లిపోయింది. రాజలింగం తలెత్తాడు. ఆగే చోటు మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లిపోయింది. ఆయన నోరు తెరిచి, చిన్నపిల్లాడిలా గట్టిగా నవ్వాడు. జనం ఈలలు వేశారు.

"అక్కా, ఇటు చూడు!" ఫర్హానా ఫోను ఆమె మొహానికి అడ్డంపెట్టింది. తెరమీద నీలి గీత ఒక్కటే ఉంది. ఎర్ర గీత లేవడం లేదు. "చూసినవా, దెబ్బలు రవ్వంత అటు ఇటు అయితున్నయి. సారవ్వను చూసి కాక జరుగుతాండు, కాకను చూసి ఓదెలన్న జరుగుతాండు. ముద్ర ఎదికేది ఒక్క మనిషి వాయింపుని. గిక్కడ ఒక్క మనిషి లేడు!"

జమునకి గాజుగది గుర్తొచ్చింది. మిల్లులో, ఏసీ చలిలో, తలుపులు మూసి, తండ్రిని ఒంటరిగా నిలబెట్టి ఆ దరువు రికార్డు చేసింది తను. పక్కన ఓదెలు కూర్చుంటానంటే శబ్దం కలుస్తుందని బయటికి పంపింది. డప్పోళ్ల ఇంట్లో పుట్టి, దరువుని ఒక్క మనిషి చేతిలో వెతికింది. ముద్ర పట్టుకున్నది ఆ ఒంటరి వాయింపునే.

ఆమె చెప్పులు విడిచి జనాన్ని తోసుకుంటూ ముందుకి వెళ్లింది. ఓదెలు తన పక్కన చోటిచ్చాడు.

* * *

ఒంటరిగా వాయిస్తే ఆయన చెయ్యి ఇప్పటికీ ఆగుతుంది. ఫర్హానా ఎన్ని పరీక్షలు చేసినా అది మారలేదు, బహుశా మారదు. "ఇన్నేండ్లు షురూ అంతా నువ్వే చేసినవ్. ఇగ సగం మాకు ఇడ్సిపెట్టు," అంటాడు ఓదెలు. రాజలింగం సిర్రతో వీపుమీద ఒకటి వేస్తాడు.

ఆటని మాత్రం జమున, ఫర్హానా మొదటినుంచీ తిరగరాశారు. గాజుగది పగలగొట్టించారు. జట్లని జట్లుగానే, మిల్లు వెనక పెరట్లో గడ్డిమంట పక్కన రికార్డు చేశారు. కొత్త 'ఎదురుకోలు'లో ఏ దరువూ ఒక్కరికి పూర్తిగా తెరుచుకోదు. ఒకరు పిలవాలి, ఇంకొకరు అందుకోవాలి, తన దెబ్బ కలిపి తిరిగి ఇవ్వాలి. కొనుక్కోవడానికి ఆటలో ఏమీ లేదు. ఆటే కొనాలి, ఒక్కసారి. మొదటి తెరమీద, కంపెనీ పేరుకంటే పైన, కళాకారుల జట్ల పేర్లు, వాళ్ల ఊళ్లు. దాని కింద ఒక వాక్యం: ఇక్కడ క్రిప్టో లేదు, టోకెన్లు లేవు, దరువుకి యజమాని లేడు.

విడుదల రోజున హోటల్ లేదు, సూట్లు లేవు. మిల్లు పెరట్లో చాపలు పరిచారు. గేటు దగ్గర ఒక ఆటో ఆగింది. కంకణాల డబ్బాలు దించుతూ సాకేత్ కనిపించాడు. చొక్కా చెమటకి తడిసి ఉంది.

"గోదాములో ఉన్నవన్నీ విడిపించా," అన్నాడు జమునవైపు చూడకుండా. "ఎలా అని అడక్కు. ఆ కోలాటం అవ్వ ఫోన్ చేసి తిట్టింది. మా అమ్మ కూడా అంత తిట్టలేదు."

"టీ తాగుతవా?"

"ముందు ఇవి ఎక్కడ పెట్టాలో చెప్పు."

రాజలింగం చాలా రోజుల తర్వాత మళ్లీ కంకణం తొడుక్కున్నాడు. పక్కన ఓదెలు డప్పుకి కాక పెడుతున్నాడు. గోడమీది తెరలో ప్రపంచపటం, దానిమీద ఆటకోసం ఎదురుచూస్తున్న మనుషులు, మిణుగురుల్లా చుక్కలు. రాజలింగం తువ్వాల సర్దుకుని, సిర్ర ఎత్తి పిలిచాడు. చెయ్యి లేచింది, పడింది, మళ్లీ లేచింది, ఆగింది.

పెరడంతా ఆగింది.

పటంమీద చింతలగట్టు దగ్గర ఒక చుక్క ఎర్రగా వెలిగింది. సారవ్వ. కంకణం రాజలింగం మణికట్టుని మెల్లగా తట్టింది. సిర్ర కిందికి దిగింది. బెంగళూరు వెలిగింది. సముద్రాలు దాటి ఎక్కడో ఇంకొకటి, ఇంకొకటి. ప్రతి చుట్టుకీ కొత్త దెబ్బ ఒకటి కలిసి తిరిగి ఆయన చేతికి వస్తోంది. మిల్లు రేకులు అదరడం మొదలెట్టాయి. సాకేత్ డబ్బా కింద పెట్టి, తెలియకుండానే కాలితో తాళం వేస్తున్నాడు.

చుట్టు చివర ఒక వింత దెబ్బ వచ్చింది. ఎగిరి, తడబడి, గమ్మత్తుగా కూర్చుంది. అలాంటిది ఆ జట్టులో ఎవరూ ఎన్నడూ వినలేదు.

"బావా!" అరిచాడు ఓదెలు డప్పుల హోరులోంచి. "గీ దెబ్బ ఎవలిది?"

"ఎవలిదో!" అన్నాడు రాజలింగం, చెయ్యి ఆపకుండా. "మంచిగున్నది. అందుకో!"